నాలుగు రకాల గుడ్

పెద్దాయనకి ఇంగ్లీషు మాటలు చాలానే వచ్చు గానీ వాడేది మాత్రం ఒక్కటే. గుడ్. టీ బాగుంటే గుడ్. టీ చల్లారిపోయినా గుడ్. అట్ట వంకరగా అంటిస్తే గుడ్, తిన్నగా అంటిస్తే గుడ్. ఒకసారి ఎవరో వచ్చి పక్కవీధి కాగితాల వ్యాపారి పోయాడని చెబితే, తలెత్తకుండా "గుడ్ గుడ్" అన్నాడు. ఆ తర్వాత నెల్లాళ్లు ఆ ఇంటి ముందు నుంచి వెళ్లడానికి మొహం చెల్లక చుట్టు తిరిగి వెళ్లాడు. పోనీ అప్పుడైనా మాట మార్చుకున్నాడా అంటే, అదీ లేదు.

ఆయనది పుస్తకాల బైండింగ్ షాపు. కింద షాపు, పైన ఇల్లు. షాపులో నలుగురు పనివాళ్లు. అందరికంటే పాతవాడు జిగురు మామ. ఆయన పొయ్యి మీద జిగురు కాచి పుస్తకాల వీపుకి పూస్తాడు. అంచులు కోసే మిషను దగ్గర కత్తి బావ. ఆ మనిషిని నిలువునా తూచినా ఆ కత్తి బరువు తూగడు. అట్టలకి గుడ్డ తొడిగేది చెల్లెమ్మ. కాగితాలు వరసగా ఏరి, దారంతో కుట్టేది కంగారక్క. ఇన్నేళ్లు కలిసి పనిచేసేసరికి చుట్టరికం లేకపోయినా వరసలు కలిసిపోయాయి.

ఈ నలుగురూ కలిసి ఆయన ఒక్క మాటకీ అర్థాలు తేల్చుకున్నారు. తేల్చుకోకపోతే బతకడం ఎలా? పొట్టిగా తెగ్గొట్టినట్టు "గుడ్" అంటే, చూశాను, ఇక పని కానివ్వమని. సాగదీసి "గూ...డ్" అంటే, తప్పుంది, విప్పి మళ్లీ చెయ్యమని. "గుడ్ గుడ్" అని రెండుసార్లు అన్నాడంటే నువ్వు చెప్పింది ఒక్క ముక్క కూడా వినలేదని. నాలుగో రకం అరుదు. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, మనిషి మొహంలోకి చూసి "గుడ్" అన్నాడా, అది నిజంగా గుడ్. జిగురు మామకి అది రెండుసార్లు దక్కింది. కత్తి బావకి ఒకసారి. చెల్లెమ్మకి పెళ్లిరోజున అన్నాడు గానీ, అది పనికి కాదు పెళ్లికి కాబట్టి లెక్కలోకి రాదని జిగురు మామ కొట్టిపారేశాడు. కంగారక్కకి ఒక్కసారి కూడా రాలేదు.

ఆవిడకి ఆ పేరు పెట్టింది పెద్దాయనే. అదెలా జరిగిందో చెప్పాలంటే ముందు పని సంగతి కాస్త చెప్పాలి. పెద్ద కాగితాన్ని మడిచి మడిచి పదహారు పేజీలు చేస్తే దాన్ని ఫారం అంటారు. ఫారాలన్నీ పొడుగాటి బల్ల మీద కుప్పలుగా పెట్టుకుని, బల్ల వెంట నడుస్తూ ఒక్కో కుప్ప నుంచి ఒక్కోటి ఏరుకుంటూ పోతే, ఆ చివరికొచ్చేసరికి పుస్తకం తయారవుతుంది. ఏరినవాళ్లు చివరి పేజీ మూల పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టాలి. కంగారక్కది నీలం పెన్సిలు, చెల్లెమ్మది ఆకుపచ్చ. పని ముంచుకొచ్చినప్పుడు పెద్దాయన కూడా ఏరేవాడు. ఆయనది ఎరుపు. ఆ పెన్సిలు ఎప్పుడూ ఆయన చెవి మీదే ఉండేది, ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు. ఎప్పుడైనా తప్పు వస్తే టిక్కు చూస్తే చాలు, ఎవరిదో తెలిసిపోతుంది, వాదనలుండవు అని ఈ పద్ధతి గురించి ఆయన వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాడు.

పద్దెనిమిదేళ్ల కిందట ఒక ఇంగ్లీషు పర్యాయపదాల పుస్తకం బైండింగుకి వచ్చింది. ఒక మాటకి అదే అర్థం వచ్చే మాటలన్నీ పక్కపక్కన ఇచ్చే పుస్తకం. మూడు వందల కాపీలు కట్టి పంపితే, ఒక్కటి మాత్రం తిరిగొచ్చింది. లోపల రెండు ఫారాలు తారుమారయ్యాయట. ఆ వారం ఎక్కువగా ఏరింది ఆవిడే. పెద్దాయన టిక్కూ చూడలేదు, ఏమీ చూడలేదు. "కంగారు. అన్నిటికీ కంగారు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆవిడ అందరికీ కంగారక్క అయిపోయింది. ఆ పుస్తకాన్ని ఆయన పారెయ్యలేదు. తన బల్ల మీదే పెట్టుకుని, కొత్తగా ఎవరు పనికొచ్చినా చూపించేవాడు. "కంగారు పడితే ఇలాగే ఉంటుంది" అనేవాడు. అన్నేళ్లూ ఆవిడ రోజుకి పదిసార్లు ఆ బల్ల పక్క నుంచి నడిచింది. ఏనాడూ ఏమీ అనలేదు. అనకపోయేసరికి తప్పు ఒప్పుకున్నట్టే అని ఆయన అనుకున్నాడు.

ఇప్పుడు పెద్దాయనకి వేళ్లు మొద్దుబారాయి. షాపు మూసేద్దామని తేల్చుకున్నాడు. మిషన్లు ఊరవతల పెద్ద ప్రెస్సువాళ్లు తీసుకుంటామన్నారు. మనుషుల సంగతే మిగిలింది. ప్రెస్సు మేనేజరు వచ్చి మిషన్లన్నీ చూసి, వెళ్తూ వెళ్తూ చెప్పాడు.

"మా దగ్గర మూడు ఖాళీలున్నాయండి. మీ వాళ్లు నలుగురు. ఒక్కొక్కరి గురించి ఒక సర్టిఫికెట్ రాసి పంపండి, చూసి ముగ్గుర్ని తీసుకుంటాను. ఒక్కటే మనవి. అందరికీ గుడ్ అని రాయకండి. గుడ్ అని కనపడితే నేనింక చదవను. ఎవరు ఎలాంటివాళ్లో వేరేవేరే మాటల్లో రాయండి."

"గుడ్" అన్నాడు పెద్దాయన. అని నాలిక కరుచుకున్నాడు.

టైపు మిషను ముందు కూర్చున్నాడే గానీ, తల ప్రాణం తోకకొచ్చింది. గుడ్ అనకుండా మంచి మాట ఎలా చెప్పడం? అటూ ఇటూ చూస్తే బల్ల మీద పర్యాయపదాల పుస్తకమే కనిపించింది. అది తప్పుగా కట్టిన పుస్తకమని తెలుసు. కానీ ఇరవై ఫారాల్లో రెండు తారుమారైతే మిగతా పద్దెనిమిదీ సరిగ్గా ఉన్నట్టే కదా అనుకున్నాడు. ఏ రెండో మాత్రం చూడలేదు. ప్రతి పేజీకీ నంబరు చూసుకోవాలని ముప్పై ఎనిమిదేళ్లు నలుగురికీ చెప్పిన మనిషి, ఆ పూట ఒక్క నంబరు చూస్తే ఈ కథే ఉండేది కాదు.

గుడ్ అనే మాట ఎడమవైపు పేజీ చివర్లో దొరికింది. దాని కింద ఎక్సలెంట్, ఫైన్, నైస్ అని మొదలుపెట్టి నాలుగైదు వరసలున్నాయి. అవి ఆయనకి నచ్చలేదు. అన్నీ సబ్బుల మీదా బిస్కెట్ల మీదా కనిపించే మాటలే. వాటితో ఉద్యోగం ఎవరిస్తారు? కుడివైపు పేజీకి వచ్చాడు. దాని మొదట్లోనే ఎప్పుడూ వినని మాటలు బారులు తీరి కనిపించాయి. ఒక్కోటి పలకాలంటే నోరు నిండుతోంది. తెలియని మాట కాబట్టి పెద్ద మాటే అయ్యుంటుందని ఆయన లెక్క.

జిగురు మామకి "కంబర్సమ్" అని రాశాడు. కత్తి బావకి "పాండరస్". చెల్లెమ్మకి "అన్‌వీల్డీ". కంగారక్క దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. తారుమారు పుస్తకం కళ్ల ముందే తెరిచి ఉంది. అబద్ధం రాయలేడు కదా. నలుగురిలో ఒకరు ఎలాగూ మిగిలిపోవాలి. మళ్లీ ఎడమవైపు పేజీకి వచ్చి, గుడ్ కింద వరసలో అన్నిటికంటే అడుగున ఉన్న చప్పటి మాట ఒకటి తీసి రాశాడు. "సాటిస్‌ఫాక్టరీ." పరవాలేదని అర్థం. మొహమాటం లేకుండా న్యాయం చేశానని తనకి తనే చెప్పుకున్నాడు.

ఒక్కో నకలు ప్రెస్సుకి పంపి, ఇంకోటి ఎవరిది వాళ్లకిచ్చాడు. సర్టిఫికెట్లు చేతికొచ్చేసరికి షాపులో పని ఆగిపోయింది. ఎవరిది పెద్ద మాట అని పోటీ మొదలైంది.

"నాది చూడరా, ఎంత నిండుగా ఉందో. కం-బర్-సమ్. చెబుతుంటే జిగురు ఉడుకుతున్నట్టే ఉంది" అన్నాడు జిగురు మామ.

"నీది గొంతులోనే ఆగిపోతోంది మామా. నాది విను. పాండరస్. రాజుగారి బిరుదులా లేదూ?" అన్నాడు కత్తి బావ, ఉన్న కాస్త ఛాతీ విరుచుకుని.

"నాది పలకడం రావట్లేదు. అంటే ఇంకా గొప్పదే అయ్యుంటుంది" అంది చెల్లెమ్మ.

కంగారక్క తన కాగితం మడిచి దారాల డబ్బాలో పెట్టుకుంది. "నాది తెలిసిన మాటే" అంది, సూదిలో దారం ఎక్కిస్తూ.

మూడో రోజు మధ్యాహ్నం మేనేజరు ఫోన్ చేశాడు.

"అయ్యా, మీరు మనుషుల్ని పంపుతున్నారా, బీరువాలు పంపుతున్నారా?"

పెద్దాయనకి అర్థం కాలేదు.

"మొదటాయన కంబర్సమ్ అట. అంటే మొయ్యడానికి ఇబ్బందైన సామాను. రెండో ఆయన పాండరస్. బండబరువు. మూడో అమ్మాయి అన్‌వీల్డీ, ఎటు పట్టుకున్నా చేతికి లొంగదు. మా దగ్గర క్రేన్ లేదండీ. నాకు పనికొచ్చే మాట ఒక్కటే కనపడింది. సాటిస్‌ఫాక్టరీ. తృప్తికరమని రాశారుగా, ఆవిణ్ణి సోమవారం పంపండి. మిగతా ముగ్గుర్నీ మీరే ఉంచుకోండి."

ఇక్కడ పెద్దాయన, మాటల దగ్గర ఏదో పొరపాటు జరిగింది, కనుక్కుని చెబుతాను అంటే సరిపోయేది. కానీ ఆయనకి ముందు మండింది ఆ మాటల గురించి కాదు.

"ఆవిడా? నలుగురిలోకీ ఆవిడేనా?" అన్నాడు. "అయ్యా, ఆవిడ తారుమారు చేసిన పుస్తకం పద్దెనిమిదేళ్లుగా నా బల్ల మీదే ఉంది. రేపు పట్టుకొచ్చి చూపిస్తాను, మీరే చూడండి."

"అలాగా. అయితే ఆవిడా వద్దులెండి" అని మేనేజరు ఫోన్ పెట్టేశాడు.

పెద్దాయన విసురుగా పుస్తకం లాక్కుని, గుడ్ దగ్గర తెరిచాడు. ఎడమవైపు పేజీ నూట ఇరవై ఎనిమిది. కుడివైపు పేజీ నూట నలభై ఐదు. పేజీ పైన చూస్తే, అక్కడున్న మాటలు గుడ్‌వి కానే కావు. హెవీ అనే మాటవి. బరువు సామాన్ల మాటలు. తొమ్మిదో ఫారం రావాల్సిన చోట పదోది వచ్చి కూర్చుంది. అదన్నమాట తిరకాసు. "చూశావా, పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా నా కొంప ముంచింది ఆ కంగారే" అని గొణుక్కుంటూ, రేపు మేనేజరుకి చూపించడానికి నీలం టిక్కు ఎక్కడుందో చూసుకుందామని చివరి పేజీ తిప్పాడు.

టిక్కు ఎర్రగా ఉంది.

కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఎరుపే. చెవి మీదున్న పెన్సిలు తీసి పక్కన ఇంకో టిక్కు పెట్టి చూశాడు. అదే ఎరుపు, తోక కాస్త పైకి లేచే అదే వంకర. తప్పు ఎవరిదో చూపించడానికి తను పెట్టిన పద్ధతి, ఒక్కసారి చివరి పేజీ తిప్పి ఉంటే ఆ రోజే చూపించేది. సిగ్గుతో ఆయనకి తల ఎత్తాలనిపించలేదు. అయిదు నిమిషాల కిందట ఆవిడ ఉద్యోగం కూడా తన నోటితోనే పోగొట్టాడు.

పైనుంచి ఇల్లాలు భోజనానికి పిలిచింది. వెళ్లి కూర్చున్నాడు. మెతుకు ముట్టలేదు.

"కూర ఎలా ఉంది?" అందావిడ.

"గుడ్ గుడ్."

"అంటే వినలేదన్నమాట. నా వంటకి ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదొక్కటే సర్టిఫికెట్. ఏమైంది మీకు?"

పుస్తకం ఆవిడ ముందు పెట్టి అంతా చెప్పాడు, ఫోన్ సంగతితో సహా. చిన్న టిక్కే కదా అనబోయిందావిడ. ఆయన మొహం చూసి ఊరుకుంది. కంచం పక్కకి జరిపేసింది.

"లేవండి. ముందు కిందికెళ్లి చెప్పిరండి."

"తిన్నాక చెబుతాలే."

"తింటే మీకు నిద్దరొస్తుంది. పద్దెనిమిదేళ్లు నిద్రపోయింది చాలదూ?"

కింద నలుగురూ ఉన్నారు. కంగారక్క కళ్లజోడు పెట్టుకుని, కుట్టు బల్ల దగ్గర కూర్చుని ఫారం మడతలోంచి సూది లాగుతోంది. పెద్దాయన పుస్తకం చివరి పేజీ తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఇది చూడమ్మా."

ఆవిడ తలెత్తలేదు. "చూశానయ్యగారూ."

"ఎప్పుడు?"

"అది తిరిగొచ్చిన రోజే. ఏ రెండు ఫారాలు మారాయో కూడా చూశాను. ఇలాగే చివరి పేజీ తీసి మీ ముందు పెట్టి, ఇది ఎర్ర టిక్కు అయ్యగారూ, నాది కాదు అన్నాను. మీరు ఫోన్లో ఉన్నారు."

"నేనేమన్నాను?"

"గుడ్ గుడ్ అన్నారు."

కత్తి మిషను ఆగిపోయింది. జిగురు మామ పొయ్యి తగ్గించాడు.

"మళ్లీ చెప్పొచ్చుగా తల్లీ."

"మర్నాడు చెబుదామనుకున్నాను. పొద్దున్నే వచ్చేసరికి మీరు ఆ పుస్తకం పట్టుకుని, కంగారు కంగారు అని అందరికీ చూపిస్తున్నారు. యజమాని మాట, అందులోనూ నలుగురి ముందు. ఎదురు చెబితే పని ఉంటుందో ఊడుతుందో అని భయమేసింది. అప్పట్లో పిల్లలు చిన్నవాళ్లు. ఆ తర్వాత అలవాటైపోయింది. పేరే కదా అని ఊరుకున్నాను." సూది లాగి ముడి వేసింది. "బాధ లేదని మాత్రం అనను."

పెద్దాయన పుస్తకం మూసేశాడు. "తప్పు నాది" అన్నాడు. ఆ షాపులో ఆయన నోటి నుంచి ఆ మాట ఎవరూ విని ఉండలేదు. తర్వాత మిగతా ముగ్గురి వైపు తిరిగి, కంబర్సమ్ అంటే ఏమిటో, పాండరస్ అంటే ఏమిటో, అన్‌వీల్డీ అంటే ఏమిటో అది కూడా చెప్పాడు. చెల్లెమ్మ కాగితం చించి బుట్టలో వేసింది. కత్తి బావ తన ఒంటి వైపు ఒకసారి చూసుకున్నాడు. "బండబరువా? నేనా?" అన్నాడు. లోపల కాస్త సంతోషించాడేమో కూడా. జిగురు మామ మాత్రం కాగితం వదల్లేదు.

"మీరేమన్నా అనుకోండి అయ్యగారూ, పలకడానికి బాగుంది. పైగా మా అల్లుడికి చెప్పేశాను."

మర్నాడు పెద్దాయన పుస్తకం గుడ్డలో చుట్టుకుని బస్సెక్కి పెద్ద ప్రెస్సుకి వెళ్లాడు. మేనేజరు గది అద్దాలది. బయట మిషన్లు కాగితాల్ని మింగి కక్కుతున్నాయి. మేనేజరు కూర్చోమన్నా పెద్దాయన కూర్చోలేదు. చివరి పేజీ తీసి చూపించాడు.

"తెస్తానన్న పుస్తకం ఇదే. తారుమారు చేసింది నేను. ఎర్ర పెన్సిలు నాది. పట్టుకుంది ఆవిడ, అదే రోజు పట్టుకుంది. నేను వినలేదు."

మేనేజరు పుస్తకం తిప్పాడు. నూట ఇరవై ఎనిమిది, నూట నలభై ఐదు. ఎర్ర టిక్కు. దాని పక్కన నిన్న పెట్టిన కొత్త టిక్కు.

"మా చెకింగ్ బల్ల ఏడాది నుంచి ఖాళీగా ఉందండీ" అన్నాడు. "కట్టిన పుస్తకం బయటికెళ్లే ముందు చూసే ఉద్యోగం. అది ఆ మూడు ఖాళీల్లోది కాదు, వేరు. వచ్చినవాళ్లంతా పేజీలు గలగలా తిప్పేసి గుడ్ అని పంపేస్తున్నారు. ఎంతమందిని మార్చానో. యజమాని చేసిన తప్పు పట్టుకుని యజమాని ముందే పెట్టిన మనిషి నాకింకెక్కడ దొరుకుతుంది? ఆవిణ్ణి ఆ బల్లకి పంపండి. ఇక మిగతా ముగ్గురి సంగతి. ఆ లావు మాటలొద్దు, మామూలు మాటల్లో చెప్పండి."

పెద్దాయన మామూలు మాటల్లో చెప్పాడు. జిగురు మామ అంటించిన వీపు పుస్తకం చిరిగినా ఊడదని చెప్పాడు. కత్తి బావ వెయ్యి కాగితాలు కోస్తే పై కాగితం అంచూ అడుగు కాగితం అంచూ వెంట్రుకవాసి తేడా రాదని చెప్పాడు. చెల్లెమ్మ తొడిగిన అట్ట మూల మడత వేలితో తడిమినా దొరకదని చెప్పాడు. చెబుతుంటే ఆయనకే ఆశ్చర్యమేసింది. ఇవన్నీ తనకి తెలుసు, కానీ ఏ ఒక్కటీ ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

"క్రేన్ అక్కర్లేదన్నమాట" అన్నాడు మేనేజరు. "ఆవిడ కాగితం మాత్రం కొత్తది రాసివ్వండి. ఫైల్లో పెట్టాలి."

తిరిగొచ్చి పెద్దాయన మళ్లీ టైపు మిషను ముందు కూర్చున్నాడు. ఈసారి ఏ పుస్తకమూ తెరవలేదు. రాయడం అయ్యాక కాగితం పట్టుకుని కుట్టు బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఒకటీ అరా మాటైతే తెలుస్తుంది గానీ, ఇంగ్లీషులో ఇంత రాస్తే నాకేం తెలుస్తుంది? చదివి చెప్పండి" అందావిడ.

ఆయన నిలబడే అర్థం చెప్పాడు. "నా షాపులో ఒక పుస్తకం ఫారాలు తారుమారయ్యాయి. ఏరింది నేను. పట్టుకుంది ఈమె. పద్దెనిమిదేళ్లు నింద మోసింది కూడా ఈమే. ఈమెకి కంగారు అని పేరు పెట్టింది నేను. ఆ కంగారు నాది. ఈమె చేతిమీదుగా వెళ్లిన పుస్తకాన్ని ఎవరూ మళ్లీ తిప్పి చూసుకోనక్కర్లేదు. అంతే రాశానమ్మా."

గుడ్ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

అక్క సూది పక్కన పెట్టింది. కాగితం అందుకుని, అర్థం కాని ఆ వరసల్ని పై నుంచి కింది దాకా ఒకసారి చూసింది. తర్వాత కళ్లజోడు నుదుటి మీదకి తోసింది. పెద్దాయన మొహంలోకి తిన్నగా చూసింది.

"గుడ్" అంది.

జిగురు మామ చేతిలో కుంచె ఆగిపోయింది. షాపు పెట్టిన ముప్పై ఎనిమిదేళ్లలో పెద్దాయనకి ఆ నాలుగో రకం దక్కడం అదే మొదటిసారి.